ముందు దిగిన చేప

కొత్త గాజుతొట్టిలో ఉప్పునీళ్ళు పోసి, పోతే పోయిందిలే అని ముందుగా ఒక నీలిచేపను వదిలారు. కొన్నాళ్ళు చేప తిరిగితేగానీ కొత్త నీళ్ళు కుదురుకోవట. అందాకా అవి విషమే. మొప్పలు మండిపోతున్నా నీలిచేప పంటిబిగువున ఓర్చుకుంది. నీళ్ళు కుదిరాక ఇల్లు తనదేగా అనుకుంది.

కుదిరాయి. ఖరీదైన చారల చేపలు దిగాయి.

"అబ్బ, నీళ్ళెంత హాయిగా ఉన్నాయో! ఈ వెలిసిపోయినదాన్ని ఇక్కడెవరు పెట్టారే?" అని మూతులు విరిచాయి.

"మీ హాయి కోసం కాలింది నా ఒళ్ళే" అంది నీలిచేప. ఎవరూ వినిపించుకోలేదు.

అంతలో వల దిగి దాన్ని పైకెత్తింది. సముద్రానికే కాబోలని నీలిచేపకి ప్రాణం లేచొచ్చింది.

యజమాని దాన్ని నీళ్ళసంచిలో వేసి పక్కింటాయన చేతికిచ్చాడు.

"మీది కొత్త తొట్టి కదా, ముందు దీన్నే వదలండి. గట్టి పిండం, అంత తేలిగ్గా చావదు."