మొదటి పుట్టగొడుగు

జగన్నాధం ఆ ఉదయం కూడా కుర్చీలోంచే అడిగాడు.

"వచ్చాయా దాలమ్మా?"

"నేదు బాబూ." దాలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆకులు ఎలాగున్నవి అలాగే ఉన్నాయి."

పంతొమ్మిదివందల అరవై ఎనిమిది, శ్రావణమాసం. బొబ్బిలికి ఎగువన, కొండ కింద రెండెకరాల పరిశోధన తోట. కొండ మీద గుగ్గిలం చెట్ల కింద ఒకరకం పుట్టగొడుగు మొలుస్తుంది. గడ్డి మీద వేసినా, పేడ మీద వేసినా రాదు. బతికున్న వేరును పట్టుకునే బతుకుతుంది. వేరు దానికి తిండి పెడుతుంది, అది వేరుకు నీళ్లు అందిస్తుంది. జగన్నాధం నాలుగేళ్ల కిందట ఆ చెట్ల మొదళ్ల మట్టి మోయించుకొచ్చి, అందులో గుగ్గిలం మొక్కలు నాటాడు. మొక్కలు నడుమెత్తు దాటాయి. పుట్టగొడుగు మాత్రం లేదు.

ఈలోగా అతని గుండెలో కవాటం మూసుకుపోతోంది. ముప్పై రెండేళ్లవాడు, పది అడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. రాత్రంతా కూర్చుని, తెల్లారగట్ల కునుకు తీస్తాడు. పట్నంలో గుండె ఆపరేషన్లు చేసే స్నేహితుడు నరసింగరావు కార్డు మీద కార్డు రాస్తున్నాడు.

"గుండెలోకి వేలు పోనిచ్చి కవాటం తెరుస్తాం. పదిమందిలో ఎనిమిది మంది నడిచి ఇంటికెళ్తున్నారు. దసరా దాటితే నా చేతుల్లో ఉండదు. బయలుదేరు."

అది చదివి వినిపిస్తే, ఊడుస్తున్న దాలమ్మ చీపురు కింద పెట్టేసింది.

"కొట్టుకుంటన్న గుండెలో ఏలెట్టడమేటి బాబూ?"

"బాగుచెయ్యడానికే."

"మా ఇంటాయన్నీ బాగుసెయ్యడానికే కోత్తామన్నారు. కడుపునొప్పని నౌపడలో పట్నం రైలెక్కించినాం. సాపలో సుట్టి దించినారు."

జగన్నాధం కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"వెళ్తాను దాలమ్మా. కాని మొదటిది మొలవాలి. నా కళ్లతో చూసి, పుస్తకంలో రాసి, ఆ పూటే రైలెక్కుతాను. నేను బల్ల మీద పోయినా ఈ పని పోకూడదు."

ఆమె మళ్లీ చీపురు అందుకుంది.

రోజూ వెలుగు రాకముందే దాలమ్మ బుట్టతో మొక్కల్లోకి వెళ్లి చూసొచ్చేది. ఎండెక్కాక అతను కర్ర పట్టుకుని, రెండుచోట్ల ఆగి, తనూ వెళ్లేవాడు. మొక్కల కింద తడి ఆకులు దుప్పటి కప్పినట్టు సాపుగా ఉండేవి.

తోటలోనే ఒక పాకలో అత్త గున్నమ్మతో ఉంటుంది దాలమ్మ. వారానికి రెండుసార్లు అక్కణ్ణుంచి పుట్టగొడుగుల కూర తెచ్చేది.

"కొండవా?"

"కొండవే. తిను బాబూ, సత్తువొస్తాది."

"పైన ఇన్ని వస్తుంటే నా దగ్గర ఒక్కటి రాదేం?"

"ఆటికి ఇక్కడ నచ్చనేదేమో."

"ఈసారి ఒకటి కొయ్యకుండా పట్రా. మట్టితో సహా చూస్తాను."

"అలాగే బాబూ."

తెచ్చినప్పుడల్లా కూరే తెచ్చింది.

దసరా వెళ్లింది. పాదాలు ఉబ్బాయి. నరసింగరావు తనే కారులో వచ్చాడు.

"ఎక్కరా. నిన్ను మోసుకుపోతాను."

"వానలింకా ఉన్నాయి. ఒక్క వారం ఆగు."

నరసింగరావు అతని గుండె విన్నాడు. చాలాసేపు విన్నాడు. గొట్టం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక కారు ఎక్కమని అడగలేదు. గుమ్మం దగ్గర దాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది.

నాలుగోనాడు జగన్నాధం కుర్చీలోనే పోయాడు. మొహం మొక్కల వైపే ఉంది.

దహనమయ్యాక నరసింగరావు, జగన్నాధం రాసుకున్న పుస్తకం తెరిచాడు. పేజీల నిండా అవే రెండు మాటలు. "తోటలో లేవు. దాలమ్మ కొండ నుంచి తెచ్చింది, తిన్నాను." మళ్లీ, "తోటలో లేవు."

స్నేహితుడు చూడాలనుకున్నది తనైనా ఒకసారి చూసి వెళదామనుకున్నాడు. దాలమ్మ రెండురోజులుగా గోడవైపు తిరిగి పడుకుంది, పలకడం లేదు. పాక ముందు కూర్చున్న గున్నమ్మను అడిగాడు.

"దాలమ్మ పుట్టగొడుగులు ఏరేది కొండకి ఏ పక్కనమ్మా?"

గున్నమ్మ అతని వంక వింతగా చూసింది.

"కొండేటి బాబూ, ఆ బాబుని ఒగ్గీసి మా దాలి వానలు పడ్డకాడి నుంచి ఈ తోట కంచె దాటితే గదా."