డాలుకు తగ్గించిన బలం

ఆన్‌లైన్ ఆటలో తిరుపాల్ ఎప్పుడూ డాలు పట్టుకుని అక్క ప్రమీల ముందే నిలబడేవాడు. ఒకసారి ఎదురుజట్టులో చేరి వాడి చేతిలో ఓడిపోయిన ఉక్రోషంతో ఆమే ఆట కంపెనీకి రాసింది, డాలుకు బలమెక్కువైంది, తగ్గించండని. తగ్గించారు.

"ఏమక్కా, నా డాలే నీకు అడ్డమొచ్చిండేది?" అన్నాడు తిరుపాల్. ఆమె నవ్వేసింది. ఆ వారమే ధర్మవరం రోడ్డు మీద బండి ప్రమాదంలో వాడు పోయాడు.

ఈ రాత్రి పెనుకొండ ఇంట్లో ప్రమీల ఒక్కతే కూర్చుని, డాలుకు పాత బలం తిరిగి ఇమ్మని ఆటగాళ్ల అభిప్రాయాల పేజీలో రాసింది. కిందనే తిరుపాల్ పేరుతో జవాబు వచ్చింది.

"ఈడ కొడతానే ఉండారక్కా. డాలు తట్టుకోల్యాకుండాది. నువ్వు మాత్రం నా వెనకాలే ఉండు."

వాడి ఫోను చార్జింగు లేక బీరువాలో పడి నెలలయింది. ఆ బీరువాలోంచే, ఆటలో డాలు పగిలే చప్పుడు వినిపించింది.