పాత చీరల ఆర్డరు

కంపెనీ నుంచి వచ్చిన సంయుక్త చీర మడత విప్పి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నాగమల్లేశ్వరి ఆమె మొహమే చూస్తోంది. ఈ పిల్ల సరేనంటేనే ఆర్డరు. కాదంటే ఇంట్లో పొయ్యి వెలగదు.

విజయవాడ కంపెనీ వాళ్ళది ఒకటే షరతు. ఆడవాళ్ళు కట్టి విడిచిన మంగళగిరి నేత చీరలే కావాలి. వాటితో సంచులు కుట్టి బయటి దేశాలకు పంపుతారు. పాతదైతే అడిగిన ధర ఇస్తారు. కొత్త గుడ్డ కలిసిందా, ఆర్డరు రద్దు.

పోయినేడు నాగమల్లేశ్వరి మొగుడు వీరభద్రయ్య తను నేసిన చీరలు మోసుకుంటూ అదే ఆఫీసుకి వెళ్ళాడు. "కొత్తవి ఎవడిక్కావాలయ్యా?" అని గుమ్మంలోంచే పంపేశారు. ఇప్పుడు పాతవాటి కోసం ఏసీ కారేసుకుని ఇంటికొచ్చారు!

"సర్క్యులర్ ఎకానమీ అండీ. ఏదీ పారేయకూడదు. తిప్పి తిప్పి వాడాలి" అంది సంయుక్త.

"అదా మేడమ్ గారూ! మా ఆవిడ సోమవారం వండిన పప్పుచారు గురువారం దాకా తిప్పుతుంది."

నాగమల్లేశ్వరి మొగుడి వైపు గుడ్లురిమింది.

"ఈ మరకేంటండీ?"

"మామిడికాయ పప్పండి. సీమంతం బంతిలో ఒలికింది" అంది నాగమల్లేశ్వరి.

సంయుక్త రాసుకుంది. ప్రతి సంచికీ ఆ చీర కథ చీటీ మీద అచ్చేసి కడతారట.

"ఈ చిరుగు?"

"చల్లపల్లి బస్సెక్కుతుంటే రేకు పట్టేసిందండి. కట్టుకున్నావిడ మూడ్రోజులు అన్నం ముట్టలేదు పాపం."

సంయుక్త కళ్ళు చెమర్చాయి. చీర ముక్కుకి ఆనించుకుంది. కలరా ఉండల వాసన.

"ఎన్నేళ్ళు దాచుకున్నారో!"

"ఒక్కో చీర వెనక ఎంత చాకిరీ ఉందో మీకేం తెలుసండీ!"

పన్నెండు చీరలూ తిరగేసింది. పన్నెండు కథలూ చెప్పించుకుంది. చివరికి కాగితం మీద సంతకం గీకింది.

"అసలు సిసలు పాతవండీ! వచ్చే నెల పాతిక ఇవ్వగలరా?"

నాగమల్లేశ్వరి మొగుడి మొహం చూసింది. అతను అడ్డంగా తలూపాడు.

"పదిహేనుకి మించి రావండీ. పాతవాటికి టైం పడుతుంది."

కారు సందు మలుపు తిరిగింది. నాగమల్లేశ్వరి తలుపు గడియ పెట్టింది.

వీరభద్రయ్య లుంగీ ఎగ్గట్టి, వెనక గదిలో మగ్గం గుంటలోకి దిగి, వచ్చే నెల పాత చీరలు నేయడం మొదలుపెట్టాడు.