ఎడమ కాలువలో తాళాలు

"నీ తాళాలు ఈ పాటికి కోదాడ దాటి ఉంటయ్. నువ్వే ఎన్కవడ్డవ్," అంది బుచ్చమ్మ, చాయ్ గ్లాసు ఠకీమని బల్ల మీద పెట్టి.

భర్త ప్రభుదాస్ అంబాసిడర్ తాళంచెవుల్ని ఆమె నిన్న సాయంత్రమే సాగర్ ఎడమ కాలువలోకి విసిరేసి వచ్చింది. ఆ కాలువ మిర్యాలగూడ మీదుగా కోదాడ వైపు పోతుంది. ఇనుప తాళంచెవులు నీళ్లలో కొట్టుకుపోవని ప్రభుదాస్‌కు తెలుసు. ఆ మాట బుచ్చమ్మతో అనకూడదని అంతకంటే బాగా తెలుసు.

ప్రభుదాస్ పాతకాలపు ట్యాక్సీ డ్రైవర్. ఆ తెల్ల అంబాసిడర్‌లో ముప్పై ఏళ్లు పెళ్లికూతుళ్లను, పురిటి నొప్పులవాళ్లను, పాస్టర్లను, ఓడిపోయిన సర్పంచులను మోశాడు. కిరాయిలు మానేసినా కారును మాత్రం వదల్లేదు. పొద్దున చాయ్ తాగి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, "కోదాడ పోయొస్త" అని కారెక్కేవాడు. అన్నం వేళకు దిగేవాడు. ఒక్కోనాడు కోదాడకు బదులు సూర్యాపేట.

కిరాయిలు మానేశాక ఒక్క చలాన్ లేదు. బండికి ఒక్క గీత పడలేదు. డీజిల్ దండగన్న మాట బుచ్చమ్మ నోట ఏనాడూ రాలేదు.

ఆమె బాధ వేరు. దాన్ని కూతురు కరుణ ముందు వెళ్లబోసుకుంది.

"మందినందర్ని మోసిండు. నన్నొక్కనాడన్న ఎక్కించుకున్నడా? ఇంటోళ్లు ముందల కూసుంటె కిరాయి తగలదట! సరే, అప్పుడంటె కిరాయిలు. ఇప్పుడేమైంది? ఆ దోస్తు బీక్యాను పక్కన కూసొవెట్టుకొని, అద్దాలెక్కించి, ఇద్దరు బీడీలు తాగుకుంట పోతరు. నేనేమో బస్సుల నిలవడి పోవాలె."

కరుణ ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. సూర్యాపేటలో నర్సు. ఆదివారం ప్రార్థనకని వచ్చి ఈ పంచాయితీలో ఇరుక్కుంది.

బయట, రేకుల షెడ్డు కింద, ప్రభుదాస్ తాళం పడిన కారు అద్దానికి ముక్కు ఆనించి స్టీరింగ్ వైపు చూస్తున్నాడు. దవాఖానలో పసిగుడ్డును అద్దంలోంచి చూసే తండ్రులు కరుణకు గుర్తొచ్చారు.

"అది లేకుంటె నాకు పొద్దు వోదు బిడ్డా," అన్నాడు. "ఇంట్ల కూసుంటె మీ అమ్మ ఎల్లిపాయలు ఒలిపిస్తది."

కరుణ సూర్యాపేటకు ఫోన్ చేసింది. తాళాలు చేసే నగేష్ సంచీతో సహా దిగాడు.

తీగ వంచి ఒక తలుపు తెరిచాడు. తాళంలో ఖాళీ చెవి దూర్చి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాడు.

"లోపలంత తుప్పు కాకా. తాళంచెవి చేసినా లాభం లేదు. తాళాలే మార్చాలె."

పాత సామాన్ల కొట్లో వెతికి తెచ్చిన తాళాలను తలుపులకు, డిక్కీకి బిగించాడు. చేతులు తుడుచుకున్నాడు.

"స్టార్టింగ్‌ది?" అన్నాడు ప్రభుదాస్.

నగేష్ తల గోక్కున్నాడు. "అది గూడ మార్చాల్నా కాకా?"

"ఏం మాట్లాడ్తున్నవ్ తమ్మీ? స్టార్టింగ్ లేకుంట కోదాడ ఎట్ల పోవాలె? నూకిచ్చుకుంట పోవాల్నా?"

నగేష్ కరుణ వైపు చూశాడు. మార్చమని ఆమె కళ్లతోనే చెప్పింది. మార్చాడు.

"ఇసొంటి బండికి తాళాలేసుడు నాకిదే ఫస్టు," అంటూ రెండు తాళంచెవులు చాపాడు. ప్రభుదాస్ అందుకునేలోపే రెంటినీ బుచ్చమ్మ లాగేసుకుంది.

"నన్ను సాగర్ తీస్కపోతెనే ఇస్త. డ్యాం సూడాలె. ముందల సీట్ల కూసుంట."

"సాగరా? కోదాడంటె నాకు అలవాటు. సాగరంటె శాన దూరమాయె. నా నడుము—"

"కాల్వ ఇంకా ఎండలే."

ప్రభుదాస్ నడుము నొప్పి ఠక్కున తగ్గింది.

బుచ్చమ్మ క్రిస్మస్ చీర కట్టుకుని, మొహానికి పౌడర్ పూసుకుని వచ్చింది. ప్రభుదాస్ ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. కొత్త పెళ్లికూతుళ్లకు తప్ప ఎవరికీ అలా పట్టిన మనిషి కాదు. ఆమె ఎక్కి, సీటు అటూ ఇటూ తడిమి చూసింది.

"మరి బీక్యా?"

"వాడు బస్సుల వస్తడు."

బుచ్చమ్మ మొహం వెలిగిపోయింది. కొంగు ముడి విప్పి ఒక తాళంచెవి ఇచ్చింది. రెండోది మళ్లీ ముడేసుకుంది. ప్రభుదాస్ స్టీరింగ్ ముందు కూర్చుని, తాళం తిప్పి, కొత్తగా పెళ్లయినవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"కాకా, జర బ్రేకులు సూస్కొని పో!" అని అరిచి నగేష్ తన బండి మీద వెళ్లిపోయాడు.

"అద్దం దించు. గాలి రానీ," అంది బుచ్చమ్మ.

"దించిన."

"మెల్లగ పోవయ్యా! ఎదురుంగ లారీ!"

"కనవడ్తుంది తియ్. ముప్పై ఏండ్లు నడిపిన."

"హాలియ వచ్చిందా?"

"ఎక్కడి హాలియ! మిర్యాలగూడనే దాటలే ఇంకా."

సాగర్ పోయొచ్చేసరికి ఇద్దరూ ఆకలి మీదుంటారనుకుని కరుణ కారు ముందుకొచ్చి, బానెట్ ఎత్తి, తన నర్సింగ్ ఫీజు కోసం నాన్న ఇంజన్ ఊడదీసి అమ్మేసిన ఖాళీలో పొద్దున కోడి పెట్టిన గుడ్డును చేతిలోకి తీసుకుంది.