అమ్మ చేతి తాటిరొట్టె

నోట్లోని ముక్కని తుపుక్కున ఉమ్మేసి, ఉదయభాస్కర్ గిన్నెని ఒక్క తన్ను తన్నాడు. తాటిరొట్టె వెళ్లి పెరటి పొయ్యి బూడిదలో పడింది. ఎగిరిన నిప్పుకణిక భార్య వెంకటదుర్గ ముంజేతిని కాల్చింది. ఆమె చెయ్యి విదుల్చుకునేలోపే జుట్టు పట్టుకున్నాడు.

“అమ్మ పోయి మూడేళ్లయింది. ఒక్కసారైనా ఆవిడ చేతి రుచి వచ్చిందా నీ రొట్టెకి?”

“అత్తయ్యగారు నేర్పినట్టే చేశానండి. అదే తాటిపండు గుజ్జు, అదే బియ్యపు రవ్వ, బెల్లం. కిందా పైనా నిప్పులు వేసే కాల్చాను.”

“ఎదురు చెప్తావా?”

చెంప ఛెళ్లుమంది.

సామర్లకోట నుంచి చూడ్డానికొచ్చిన దొడ్డమ్మ మంగతాయారు పెరట్లోకి వచ్చింది. అరవలేదు, అడ్డం పడలేదు. బూడిదలోంచి ఓ ముక్క తీసి, కొంగుతో దులిపి, అతని నోటికి అందించింది.

“ఇప్పుడు తినరా.”

విసురుగా నమిలాడు. పంటి కింద బూడిద కరకరలాడింది. జుట్టు పట్టిన పిడికిలి మెల్లగా వదులైంది.

“ఇదే దొడ్డమ్మా! అచ్చం అమ్మ చేసిందే. ఏం కలిపావు?”

“నేనేం కలుపుతాను? మీ నాన్న ఏటా ఇలాగే గిన్నె తన్నేవాడు. మా చెల్లి కళ్లు తుడుచుకుని, బూడిద దులిపి నీకు పెట్టేది. పసివాడివి, రొట్టె రుచే అదనుకున్నావు.”

అతను నమలడం ఆగిపోయింది.

కాలిన ముంజేతి మీద చెంబుతో నీళ్లు పోసుకుంటూ వెంకటదుర్గ అడిగింది.

“అయితే ఇవాళ కుదిరిందాండీ?”