ఎలుగుబంటి విసిరేసిన బిరడా

కొండ ఊట నీళ్లని ఒకే వెదురు గొట్టం పై గుహ నుంచి కింది బొరియ దాకా అందరికీ తెచ్చేది. ఎండలు ముదిరి ఊట సన్నబడేసరికి అడవి సభ చట్టం చేసింది. ప్రతి ఇల్లూ తన తూముకి చిల్లున్న చెక్క బిరడా బిగించాలి. ఆ చిల్లులో కొంగ ముక్కు కొన మాత్రమే పట్టాలి.

పొద్దున్నే కొంగ తనిఖీకని ఎలుగుబంటి ఉండే పై గుహకి వచ్చి, చిల్లులో ముక్కు పెట్టి చూసి వెళ్లింది. అది అటు వెళ్లగానే ఎలుగుబంటి బిరడా ఊడబీకి కొండ కిందికి విసిరేసింది.

"ఇంత ఒళ్లున్న నాకూ, ఎలక్కీ ఒకటే చిల్లా!" అని గొణుక్కుంటూ ధార కింద కూర్చుంది.

మధ్యాహ్నం కింది బొరియలో ఉండే కుందేలు, పిల్లని వెంటబెట్టుకుని రొప్పుతూ ఎక్కొచ్చింది.

"అన్నా, నీ బిరడా ఊడిపోయినట్టుంది. దొర్లుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. కొంగగారు చూస్తే నిన్ను మాటంటారని తెచ్చాను. మాకు పొద్దుట్నుంచీ చుక్క రాలేదు. పాపం, నీకూ రావట్లేదేమో అనుకున్నాం."

ఎలుగుబంటి గబుక్కున లేచి తూముకి అడ్డంగా నిలబడింది. పిల్ల కుందేలు దగ్గరికొచ్చి, దాని బొచ్చులోంచి కారుతున్న చుక్కలకి నాలుక చాపింది.

ఇంత ఒళ్లూ ఎక్కడ దాచుకోవాలో ఎలుగుబంటికి తెలియలేదు.