రెండో పాటలో తప్పు

సౌండ్ చెక్‌లో మూడోసారి కూడా అక్కడే తప్పింది. మిక్సర్ ముందు కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది.

"డాక్టరమ్మా, రెండో పాటలో ఆ ఒక్క స్వరం పక్కకి పోతోంది. సరిచేసుకోండి."

పగలంతా పళ్లు పీకి, సాయంత్రాలు గిటారు పట్టుకునే ఆవిడ నవ్వింది. "తప్పు కాదు బాబాయ్. రికార్డులో అలాగే ఉంది. అది పట్టుకోడానికే నాకు ఆర్నెల్లు పట్టింది."

"రికార్డులో ఉంటే మాత్రం ఒప్పయిపోతుందా?"

"మేం ఆ రికార్డు చేసిన బ్యాండుకి నకలు కదా. ఉన్నది ఉన్నట్టే వాయించాలి."

పాత ఆల్టర్నేటివ్ రాక్ పాటల్ని అచ్చుగుద్దినట్టు వాయించే బ్యాండ్ల కచేరీ అది. వీళ్లకి చెప్పడమూ గోడకి చెప్పడమూ ఒకటే. ఆ స్వరం మాత్రం ఏళ్లుగా నాకు చెవిలో జోరీగ. సరే, వాల్యూమ్ నా చేతిలోనే ఉంది కదా అనుకున్నాను.

రాత్రి రెండో పాటలో ఆ చోటు రాగానే ఆవిడ గిటారుని సున్నాకి లాగేశాను. స్పీకర్లలో గిటారు చచ్చిపోయింది.

హాలు ఆగలేదు. నాలుగొందల గొంతులు ఆ తప్పు స్వరాన్ని గుండెలు పగిలేలా పాడేశాయి. స్టేజీ మీద డాక్టరమ్మ గిటారు వదిలేసి చప్పట్లు కొట్టింది.

మిక్సర్ మీద నా వేలు అలాగే ఉండిపోయింది.

ముప్పై ఏళ్ల కిందట, స్టూడియోలో మళ్లీ వాయించే టైం లేక, అసలు బ్యాండు వాళ్లు ఆ తప్పుని రికార్డులో ఉంచేశారు. తప్పు వాయించిన నన్ను మాత్రం బ్యాండులో ఉంచలేదు.